మా అన్న ఎనిమిది క్యాసెట్లు

మా ఆయనకి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఏదో కాస్త మిగిలింది, అదైనా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు ఒంగోలు డాక్టరు. మిషన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి గానీ పాట పాటలా వినపడకపోవచ్చని కూడా అన్నాడు. బస్సు దిగి ఈయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి అప్పుడడిగాడు.

"ఏమే, మీ అన్న క్యాసెట్లు ఉన్నాయా, పారేశావా?"

ఈ ఇంట్లో ఆ క్యాసెట్ల ఊసెత్తి ముప్ఫై ఏళ్ళు దాటింది.

"ఉన్నాయి" అన్నాను.

"ఆఁ?"

"ఉన్నాయయ్యా! బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి!"

"అయితే వరసగా పెట్టు. మొదటిదాని కాణ్ణుంచి ఎనిమిదోదాని దాకా, రోజుకొకటి. ఈ చెవి ఉండగా ఒకసారి వింటాను."

మాది సన్నాయి వాయించే సాయిబుల కుటుంబం. మా తాత, మా నాన్న, మా అన్న, ముగ్గురూ చుట్టుపక్కల ఏ గుడిలో ఉత్సవమైనా, ఎవరింట్లో పెళ్ళయినా మేళం కట్టుకుని వెళ్ళినవాళ్ళే. మా ఆయన మా మేనత్త కొడుకు. డోలు వాయించేవాడు. అన్న ఊదుతుంటే పక్కన కూర్చుని ఈయన వాయిస్తుంటే, పెళ్ళికొచ్చినవాళ్ళు విస్తరి ముందు నుంచి లేచొచ్చి మరీ నిలబడేవాళ్ళు. గుంటూరు వైపు క్యాసెట్లేసే కంపెనీ ఆయన ఒకడు ఏదో పెళ్ళిలో విని, మా అన్న చేత ఎనిమిది క్యాసెట్లు వాయింపించాడు. మొదటి ఐదింట్లో డోలు మా ఆయనది. ఆరో దాంట్లో వేరే ఆయనది.

ఆ ఆరోది బజార్లోకి వచ్చి, అట్ట మీద వేరే పేరు చూసిన రోజే ఈయన డోలుని గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాడు. వారం తిరక్కుండా మార్టూరులో గ్రానైట్ రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చేరాడు. పొద్దస్తమానం ఆ మిషన్ల రొద. ఇరవై ఆరేళ్ళు ఆ రొదలోనే పన్జేశాడు. చెవులు ఎక్కడ పోయాయని డాక్టరు అడిగితే నేనే చెప్పాను.

అన్నతో మాటలు మానేశాడా అంటే అదీ కాదు. అన్న పండక్కొస్తాడు, ఈయన "దా బావా" అంటాడు, ఇద్దరూ అన్నం తింటారు, వానల గురించీ మిరప రేటు గురించీ మాట్లాడుకుంటారు. మేళం మాట మాత్రం ఇద్దరి నోటా రాదు. అన్న వెళ్ళిపోయాక ఈయన కాసేపు గోడకేసి చూస్తాడు. ఒకసారి మటుకు అన్నాడు నాతో. "మీ అన్నకి ముందు పన్ను ఊడినప్పుడు నేను కాచుకున్నానే. నాకు చెప్పకుండా ఇంకోణ్ణి కూర్చోబెట్టుకున్నాడు. తప్పేంటో ఒక్క మాట చెప్పలా."

ఆ ఒక్క మాట అన్న చెప్పాడు. నాతో చెప్పాడు, ఈయనకి చెప్పమని. నేను చెప్పలా.

దీనికి మా ఇళ్ళలో ఉన్న పద్ధతి కొంచెం చెప్పాలి. మేళంలో సన్నాయి ఆయనే పెద్ద. ఆయన కన్నెగరేస్తే డోలు ఆగాలి. అదే ఇంటికొస్తే చెల్లెలి మొగుడు పెద్ద. మా అన్న వయసులో ఏడేళ్ళు పెద్దవాడైనా మా ఇంటికొస్తే చాప మీదే కూర్చునేవాడు. ఈయన మంచం మీద. కూర ముందు ఈయన పళ్ళెంలో పడాలి, తర్వాత అన్న పళ్ళెంలో. అట్లాంటిది బావ పనిలో తప్పుందని బావమరిది నోటితో ఎట్లా అంటాడు? అందుకని మా చిన్న కూతురికి మూడో నెల నడుస్తుండగా పెరట్లో నా దగ్గరికొచ్చి, గిన్నెలు తోముతున్న నా పక్కన గొంతుక్కూర్చుని, "అమ్మాయ్, బావ చెయ్యి పరిగెడుతోంది. ఐదో క్యాసెట్లో మరీ పరిగెత్తింది. పెళ్ళిళ్ళలో కూడా అంతే. నేనంటే బాగోదు. నువ్వు చెప్పు, మెల్లగా" అన్నాడు. సరే అన్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో ఆరోది వచ్చేసింది. కంపెనీ ఆయన పట్టుబట్టాడంట.

ఇప్పుడీయన వరసగా వింటానంటున్నాడు. వరసగా వింటే ఎవరికైనా తెలిసిపోతుంది. డోలు వాయించినవాడికి తెలీకుండా ఉంటుందా?

క్యాసెట్ల మీది కాగితాలు ఎప్పుడో చినిగిపోయాయి. ఉన్నవాటి మీద ఇంగ్లీషు. నా చదువు ఐదో తరగతితో ఆగింది, ఇంగ్లీషు నాకు రాదు. అయినా వరస పెట్టడం నాకెంతసేపు? తెల్లడబ్బా మొదటిది. మూల నొక్కుకుపోయింది రెండోది, మా పెద్దది పాకే వయసులో కొరికింది. మూడోదాని మీద పసుపు మరక నా వేలిదే. అట్లా ఎనిమిదీ నులకమంచం మీద పేర్చాను. మా చిన్నది ఈ ఊళ్ళోనే ఇచ్చాం. దానికి కబురు చేస్తే, పాత టేప్‌రికార్డరు మార్టూరు తీసుకెళ్ళి సెల్ ఫోన్ల కొట్టువాడితో లోపలి బెల్టు మార్పించి తెచ్చింది. వాళ్ళ చేలో కాసిన మిరపకాయలు రెండు గోతాలు మా పంచలో ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేనూ అదీ కూర్చుని ముచ్చికలు తీసేటట్టు, ఈయన మంచం మీద ఎడమ చెవి టేపుకి ఆనించి వినేటట్టు ఏర్పాటు చేసుకున్నాం.

మొదటిది పెట్టగానే ఈయన మొహం చూడాలి. ఇద్దరూ మంచి వయసులో ఉన్నారు కదా అప్పుడు, ఎడ్లు కట్టు తెంచుకున్నట్టు ఉంది వాయింపు. ఒకళ్ళని ఒకళ్ళు రెచ్చగొట్టుకుంటున్నారు. కాసేపటికి సన్నాయి సాగదీస్తున్న చోట "హాచ్" మని తుమ్ము వినపడింది. మా చిన్నది చేతిలో కాయ వదిలేసింది.

"ఎవరు నాన్నా అది?"

"నేనే!" అన్నాడు ఈయన, పళ్ళన్నీ బయటపెట్టి. "నల్లపాడు స్టేషన్ పక్కన మేడ మీద గదే వాడి స్టూడియో. చప్పుడు బయటికి పోకుండా గోడలకి గోతాలు కొట్టాడు. ఎక్కడివనుకున్నావు? మిరపకాయల గోతాలు! ఫ్యాను కూడా వెయ్యనివ్వడు. నాకు మూడుసార్లు వచ్చింది, రెండు మింగాను, ఒకటి జారింది."

"మళ్ళీ వాయించొచ్చుగా?"

"మళ్ళీనా? రైలొచ్చే వేళయింది. రైలు కూత పడితే మొత్తం పోయె. రైలుకీ రైలుకీ మధ్య వాయించాలి అక్కడ."

ఆ తుమ్ము కోసం మళ్ళీ వెనక్కి తిప్పించాడు. రెండుసార్లు.

రెండోదానికి ఇద్దరూ కుదుటపడ్డారు. మూడోది నాకు మొదట్నించీ ఇష్టం. అందులో అన్న కల్యాణి రాగం తీసుకుని ఎంతో సేపు ఒక్కడే ఊదుతాడు. డోలు ఊరుకుంటుంది. ఈయన మంచం మీద నిటారుగా కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, పెళ్ళి పందిట్లో కూడా సరిగ్గా అట్లాగే కూర్చునేవాడు. అన్న ఊది ఊది దిగుతున్నాడు, ఈయన చెయ్యి లేస్తోంది. టేపులో డోలు పడ్డ క్షణానికే మిరపకాయల గంప మీద ఈయన వేళ్ళు పడ్డాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ముప్ఫై ఏళ్ళుగా డోలు ముట్టని చేతులవి.

"నాన్నకి ఇది వచ్చా?" అంది మా చిన్నది నాతో, మెల్లగా. అది పుట్టి బుద్ధెరిగేసరికి డోలు అటకెక్కింది. దాని కంటికి వాళ్ళ నాన్నంటే తెల్లటి రాతి బురదతో ఇంటికొచ్చే మనిషి.

నాలుగోది పెట్టిన రోజు మాత్రం ఈయన మొహం వేరేగా ఉంది. దానికి ముందే అన్న ట్రాక్టరు ట్రక్కులోంచి పడి ముందు పన్ను పోగొట్టుకున్నాడు. సన్నాయి వాయించేవాడికి ముందు పన్ను పోతే దర్జీకి బొటనవేలు పోయినట్టే. కట్టుడు పన్ను ఇంకా కుదరలా. ఎక్కడెక్కడ గాలి పోతుందో ఆ చోట్లన్నీ ఈయనకి జ్ఞాపకమే. "ఇదిగో ఇక్కడ" అంటాడు, అక్కడ డోలు ఉరుముతుంది. "ఇదిగో మళ్ళీ." మళ్ళీ ఉరుముతుంది. సన్నాయిలో చిల్లు పడ్డ చోటల్లా డోలు అడ్డం నిలబడింది. తెలీనివాళ్ళయితే అదేదో గొప్ప కోసం వాయించాడనుకుంటారు.

అయిపోయాక అన్నాడు, "చూశావా? నేను చేసిందిది. మీ అన్న చేసిందేంటో ఆరో దాంట్లో విందాం."

ఆ రాత్రి డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. ఐదోది దాచేద్దామా అని కూడా అనుకున్నాను. టేపు నలిగిపోయిందంటే నమ్ముతాడు. డబ్బా మూత తీశాను, మళ్ళీ పెట్టాను. మనిషి చెవిలో మిగిలిందే ఇంత, అందులోంచి కూడా ఒకటి దొంగిలించడానికి చెయ్యి రాలేదు.

ఐదో క్యాసెట్ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఆ పొద్దున్నే నాకు నడుంలో నొప్పి మొదలైంది. కంపెనీ ఆయన రోజు ఖాయం చేశాడు, అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. "ఏం లేదు, పో" అన్నాను ఈయనతో. గడప దాటి, మళ్ళీ వచ్చి నా మొహం చూసి, మళ్ళీ దాటాడు. సాయంత్రం ఆఖరి బస్సు అందుకుని, రోడ్డు మీద దిగి, డోలు భుజాన వేసుకుని ఊళ్ళోకి పరిగెత్తుకుంటూ వచ్చాడని తర్వాత చెప్పారు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టిన పావుగంటకి మా చిన్నది పుట్టింది.

ఆ తర్వాత కూడా అంతే. ఎక్కడ మేళమున్నా వాయించడం అవడమే ఆలస్యం, ఇల్లు. తువ్వాల్లో లడ్డూలు మూటగట్టుకుని తెల్లారకముందే వచ్చేసేవాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా పిల్లని ఎత్తుకునేవాడు. అట్లాంటి మనిషికి "నీ చెయ్యి పరిగెడుతోంది, నెమ్మదించు" అని నేనెట్లా చెప్పను? పరిగెత్తేది నా దగ్గరికే కదా.

ఐదోది పెట్టాం. మొదటి పాట సగంలోనే ఈయన భృకుటి ముడిపడింది. చెవి ఇంకా దగ్గరికి ఆనించాడు. నేను ముచ్చికలు తీస్తున్నానే గానీ కాయలో ముచ్చికలో తెలీకుండా ఒకే గంపలో వేస్తున్నాను. రెండో పాటకి డోలు ముందు పోతోంది, సన్నాయి వెనక రొప్పుకుంటూ వస్తోంది. నాకే తెలుస్తోంది. ఈయన చెయ్యి చాపి టేపు ఆపేశాడు.

"ఏందే ఇది?" అన్నాడు. "మీ అన్న ఊపిరి పీల్చుకోటానికి కూడా నేను చోటివ్వలా. నన్నందుకోటానికి రాగం మింగేస్తున్నాడు పాపం. మూడోదాంట్లో వాయించినవాణ్ణి నేనేనా?" నావైపు చూశాడు. "ఎవరూ చెప్పలేదేంటే నాకు?"

నేను తల వంచుకుని చెప్పాను.

"ఆఁ?"

ఇంకొంచెం పెద్దగా చెప్పాను.

"వినపడలా."

"నాకు చెప్పమ్మా, నేను నాన్న చెవిలో చెప్తా" అంది మా చిన్నది. దానికి చెప్పి చెప్పించే మాటా ఇది? లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, మంచం పక్కకెళ్ళి ఎడమ చెవి దగ్గర నోరు పెట్టాను.

"అన్న చెప్పాడు! నాకు చెప్పాడు! నీకు చెప్పమన్నాడు! నేనే చెప్పలేదు!"

ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచిన మాట వీధి మొత్తానికి చెప్పాను. ప్రహరీ అవతల నుంచి పక్కింటావిడ తల పైకొచ్చింది. "ఏంది వదినా, ఏం చెప్పలేదు? ఎవరికి?"

"నీక్కాదులే, నువ్వు పో!" అంది మా చిన్నది.

మిరప ఘాటు ఉండబట్టి సరిపోయింది, ఎవరి కళ్ళకి ఎందుకు నీళ్ళొస్తున్నాయో ఎవరూ అడగలా.

"ఎందుకు చెప్పలేదే?"

"ఎందుకు పరిగెత్తావో నాకు తెలుసు గనక!" అని మళ్ళీ అరిచాను. "ఆ రోజు దీన్ని కనే రోజు!"

మా చిన్నది టేప్‌రికార్డరు వంక చూసి, వాళ్ళ నాన్న వంక చూసింది. ఈయన మాత్రం లేచి, చొక్కా వేసుకుని బయటికెళ్ళాడు. చీకటి పడ్డాక వచ్చి అన్నం తిన్నాడు. "కూరలో ఉప్పు చాల్లా" అన్నాడు.

రెండు రోజులు టేపు మూగగా కూర్చుంది. మధ్యాహ్నం అవగానే ఈయన మిరప చేల వైపు పోతాడు. ఆరోది మంచం కోడు పక్కనే ఉంది, ముట్టడు. తిడితే బాగుండుననిపించింది నాకు. ఒకటి మాత్రం అడిగాను, చెవిలో నోరు పెట్టి, "నేను చెప్పుంటే రాళ్ళలోకి పోయేవాడివి కాదు గదా" అని. "చెప్పుంటే నీ మీద కోప్పడేవాణ్ణి, డోలు అప్పుడే అటకెక్కించేవాణ్ణి. అప్పటి నా సంగతి నీకు తెలీదా?" అన్నాడు. అది నన్ను ఓదార్చడానికన్నాడో, నిజమో, ఇప్పటికీ తెలీదు.

మూడో రోజు నేను అన్నాలు సర్ది వచ్చేసరికి తనే టేపు ముందేసుకుని కూర్చున్నాడు. ఆరోది లోపల పెట్టి ఉంది. "దా" అన్నాడు. మా చిన్నది కూడా వచ్చిందాకా ఆగి, మీట నొక్కాడు.

ఆ డోలు ఆయన్ని మేమెవరం ఎప్పుడూ చూళ్ళేదు. ఈ ఇంట్లో ఆయన పేరు తిట్టు కింద లెక్క. అట్లాంటాయన చేతి చప్పుడు మా పంచలో మొదటిసారి పడింది. ఈయన కళ్ళు మూసుకుని ఒక వైపంతా విన్నాడు. తిప్పమన్నాడు. రెండో వైపూ విన్నాడు.

"బాగా వాయించాడే" అన్నాడు చివరికి.

నేను చేతిలో కాయ గంపలో వేశాను.

"బాగా అంటే, ఊరికే కాదు. మీ అన్నకి ఊపిరికి చోటిస్తున్నాడు. చూడు, కట్టుడు పన్ను కుదిరాక ఎంత నెమ్మదిగా పోతున్నాడో మీ అన్న. ఇంత నెమ్మది ఆయనలో ఉందని నాకు తెలీదు." టేపు పక్కకి జరిపి, "ఫోన్ చెయ్యి" అన్నాడు మా చిన్నదానితో.

మా అన్న ఇప్పుడు వేటపాలెంలో కొడుకు దగ్గరుంటున్నాడు. కొడుకుది జీడిపప్పు కార్ఖానాలో పని. మా చిన్నది స్పీకరు పెట్టి ఫోను వాళ్ళ నాన్న చెవి కింద పట్టుకుంది. ఈయనకి తన గొంతు తనకి వినపడదు గదా, ఊరంతా వినేటట్టు మాట్లాడతాడు.

"బావా! ఐదోదాంట్లో నిన్ను కుక్క తరిమినట్టు తరిమాను గదా!"

అవతల అన్న నవ్వు. ఆ నవ్వులో దగ్గు. "ఇన్నాళ్ళకి విన్నావా బావా?"

"విన్నాను! చెప్పొచ్చుగా నాతో!"

"ఎట్లా చెప్తాను బావా? నేనే చెప్పాల్సింది. పాపం అమ్మాయి మీద పెట్టాను. అది నా తప్పు."

"ఏందంటున్నాడు?" అన్నాడు ఈయన.

"తప్పు తనదంటున్నాడు నాన్నా!"

"ఎవరిది వాళ్ళకుందిలే! ఏడోదీ ఎనిమిదోదీ ఉన్నాయి బావా, నువ్వొస్తేనే పెడతాను. ఈ చెవిని నమ్మేట్టు లేదు, తొందరగా రా!"

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అన్న దిగాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి, చేతిలో వేయించిన జీడిపప్పు పొట్లం, జేబులో కట్టుడు పళ్ళు. బస్సు కుదుపులకి ఊడిపోతాయని తీసి జేబులో పెట్టుకుంటాడు. పంచలోకొచ్చి అలవాటు కొద్దీ చాప కోసం చూశాడు. చాప మీద అప్పటికే మా ఆయన కూర్చుని ఉన్నాడు.

"మంచం మీద కూర్చో బావా" అన్నాడు ఈయన.

"అదేంటి బావా, బాగోదు."

"మేళం జరుగుతోందిప్పుడు. ఇక్కడ పెద్ద నువ్వు. కూర్చో."

అన్న నా వంక చూశాడు. నేను తలూపాను. మంచం చివర, దింపేస్తారేమో అన్నట్టు కూర్చున్నాడు.

ఏడోది పెట్టింది మా చిన్నది. మోహన రాగం. ఈయన ఎడమ చెవి టేపుకి ఆనించి, కాసేపు విని, తల అడ్డంగా తిప్పాడు. పొద్దుటి నుంచీ ఆ చెవిలో కూడా ఏదో హోరుగా ఉందంట. "సన్నాయి తెలుస్తోంది గానీ తాళం అందట్లేదు" అన్నాడు. అన్న ముందుకి వంగి, కింద కూర్చున్న ఈయన భుజం మీద అరచెయ్యి పెట్టి తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. ఈయన కళ్ళు మూసుకున్నాడు. గంప మీద వేళ్ళు ఆడుతున్నాయి.

రెండో పాటకి అన్న హుషారెక్కాడు. తన వాయింపు తనే విని ఎన్నాళ్ళయిందో, చెయ్యి జోరందుకుంది. ఈయన కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"పరిగెత్తబాక బావా. నెమ్మదిగా వెయ్యి. ఇంటికెళ్ళే తొందరేం లేదు."

అన్న నవ్వి చెయ్యి నెమ్మదించాడు. ఎనిమిదోది రేపటికుంచమని చెప్పి నేను అన్న కోసం వంటింట్లోకి లేచాను, రాత్రికి ఉంటాడు గదా అని.